కారు ఏసీ గ్యాస్: ముందు లీకేజీ వెతకాలి, ఆ తర్వాతే నింపాలి

ఎండలు ముదిరాయంటే చాలు, హైదరాబాద్ గ్యారేజీల నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా కారు ఏసీ మెకానిక్‌లకు చేతినిండా పని. "ఏసీ చల్లగా రావడం లేదు" అని కారు తీసుకెళ్తే చాలా చోట్ల వినిపించే జవాబు ఒక్కటే: "గ్యాస్ అయిపోయింది, పట్టించాలి." డబ్బులు కడతారు, గంటలో చల్లగాలి వస్తుంది, అందరూ సంతోషంగా ఇంటికెళ్తారు. మళ్లీ వేసవికి, ఒక్కోసారి నెల తిరక్కముందే, అదే సమస్య, అదే జవాబు, అదే ఖర్చు.

నిజానికి ఏసీ గ్యాస్ పెట్రోలు లాగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న పైపుల్లోనే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోతోందని అర్థం. ఆ చోటు కనిపెట్టకుండా మళ్లీ గ్యాస్ నింపడం చిల్లు ఉన్న బిందెలో నీళ్లు పోసినట్టే. పైగా ఇది డబ్బుతో పోయే విషయం కాదు. పద్ధతి తప్పితే కంప్రెసర్ పాడవుతుంది, నకిలీ గ్యాస్ అయితే కారుకే నిప్పంటుకోవచ్చు, పని చేసే మనిషికి కళ్లు, చేతులు దెబ్బతినవచ్చు.

ఏసీ ఎలా పని చేస్తుంది?

కారు ఏసీలో నాలుగు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి బాగా వేడెక్కిస్తుంది. ఆ గ్యాస్ ముందు భాగంలో, రేడియేటర్‌కు ముందుండే కండెన్సర్‌లోకి వెళ్లి, గాలి తగిలి వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారి గుండా దూరి ఒక్కసారిగా ఒత్తిడి తగ్గి చల్లబడుతుంది. ఆ చల్లదనం డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌కు చేరుతుంది. బ్లోయర్ గాలి ఆ కాయిల్ మీదుగా వచ్చి మనకు చల్లగా తగులుతుంది. అక్కడ ఆవిరైన గ్యాస్ తిరిగి కంప్రెసర్‌కు చేరుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్‌ను కూడా ఈ గ్యాసే మోసుకెళ్తుంది. గ్యాస్ బాగా తగ్గితే ఆయిల్ సరిగా తిరగదు, కంప్రెసర్ లోపలి భాగాలు అరిగిపోతాయి. అందుకే చల్లదనం తగ్గినా "ఈ సీజన్‌కు ఇలాగే లాగించేద్దాం" అని ఏసీని అదేపనిగా నడపడం మంచిది కాదు. కంప్రెసర్ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు గ్యాస్ ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఏ కారులో ఏ గ్యాస్?

1990ల తొలి సంవత్సరాల వరకు కార్లలో ఆర్-12 అనే గ్యాస్ వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలడంతో 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని తప్పించారు. దాని స్థానంలో వచ్చిందే ఆర్-134ఏ. మన దగ్గర రోడ్ల మీద తిరిగే కార్లలో అత్యధికం ఇదే వాడుతున్నాయి.

ఇప్పుడు మూడో గ్యాస్ వచ్చింది, దాని పేరు ఆర్-1234వైఎఫ్. యూరప్‌లో 2017 జనవరి 1 నుంచి అమ్మే కొత్త కార్లలో ఆర్-134ఏ వాడటానికి వీల్లేదు. అమెరికాలోనూ ఇప్పటి కొత్త కార్లలో ఎక్కువ భాగం ఆర్-1234వైఎఫ్‌తోనే వస్తున్నాయి. గల్ఫ్‌లో, అమెరికాలో ఉంటున్న మనవాళ్లు సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఈ తేడా గమనించాలి. ఆర్-1234వైఎఫ్ ధర చాలా ఎక్కువ. పైగా దానికి కొద్దిగా మండే గుణం ఉంది, కాబట్టి దానికోసమే తయారైన యంత్రంతో, తెలిసినవాళ్లే పట్టాలి. చవకగా అవుతుందని దాని బదులు ఆర్-134ఏ ఎక్కించడం, రెండూ కలపడం పెద్ద తప్పు.

ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది ఊహించాల్సిన పని లేదు. బానెట్ ఎత్తితే లోపలి వైపునో, రేడియేటర్ పైన ఉండే పట్టీ మీదో ఒక స్టిక్కర్ ఉంటుంది. దానిమీద గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి. చాలా కార్లలో ఆయిల్ రకం కూడా ఉంటుంది. స్టిక్కర్ ఊడిపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మోడల్, తయారైన సంవత్సరం చెప్పి అడగొచ్చు. సాధారణంగా చిన్న కార్లకు 350 నుంచి 500 గ్రాముల వరకు సరిపోతుంది. వెనక సీట్లకు కూడా వేరే కాయిల్ ఉన్న పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది.

గ్యాస్ అనే ముందు ఇవి చూడండి

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌ది కాదు. గ్యారేజీకి వెళ్లేముందు ఇంటి దగ్గరే కొన్ని చూసుకోవచ్చు.

గాలి వేగమే తగ్గిందా? అయితే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డు సామాన్ల పెట్టె వెనక ఉంటుంది. దుమ్ముతో మూసుకుపోతే ఎంత గ్యాస్ ఉన్నా గాలి రాదు.

కారు నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తోందా? కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదేమో చూడాలి. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పేరుకున్నా ఇదే జరుగుతుంది. నీళ్లతో మెల్లగా కడిగితే సరిపోతుంది. ఎక్కువ ఒత్తిడితో పైపు పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఏసీ బటన్ నొక్కినప్పుడు కంప్రెసర్ అసలు పట్టుకోవడం లేదా? ఫ్యూజ్, రిలే, వైరు సమస్య కావచ్చు. గ్యాస్ పూర్తిగా పోయినా కంప్రెసర్ ఆన్ కాదు. గ్యాస్ లేకుండా తిరిగి పాడవకుండా ఉండేందుకు కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. కొందరు వైరును నేరుగా కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పుతారు. దాన్ని ఒప్పుకోకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా చల్లదనం రోజురోజుకూ తగ్గుతూ వచ్చిందంటే, అప్పుడు గ్యాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

లీకేజీ ఎక్కడ?

రబ్బరు పైపుల గుండా, సీళ్ల గుండా ఏ కారులోనైనా కొద్దిగా గ్యాస్ పోతూనే ఉంటుంది. ఒకే కూలింగ్ కాయిల్ ఉన్న ఆర్-134ఏ ఏసీ నుంచి ఏడాదికి 40 గ్రాములకు మించి పోకూడదని యూరప్ నిబంధన పెట్టింది. దీన్ని కొలతగా తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 400 గ్రాములు పట్టే కారులో ఏడాదికి 40 గ్రాములే పోతే తేడా తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది. అంటే ఆరేడేళ్ల కారుకు మొదటిసారి గ్యాస్ తగ్గడం మామూలే కావచ్చు. పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే మాత్రం కచ్చితంగా లీకేజీ ఉన్నట్టే.

లీకులు తరచూ వచ్చే చోట్లు కొన్నే. రోడ్డు మీది రాళ్లు తగిలి కండెన్సర్‌కు సన్నని చిల్లు పడుతుంది. పైపుల అతుకుల దగ్గర ఓ-రింగులు ఎండిపోతాయి. కంప్రెసర్ ముందుభాగంలోని సీలు అరుగుతుంది. గ్యాస్ పట్టే వాల్వ్ సరిగా మూసుకోదు. అన్నింటికంటే కష్టమైనది డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ లీకు. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పితే గానీ దాన్ని మార్చలేరు.

లీకున్న చోట గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి అక్కడ జిడ్డుగా దుమ్ము పట్టి కనిపిస్తుంది. అనుభవమున్న ఉస్తాద్ ముందు ఆ మరక కోసమే వెతుకుతాడు. తర్వాత సబ్బు నురుగు, ఎలక్ట్రానిక్ డిటెక్టర్, నీలి లైటు కింద మెరిసే రంగు వంటివి వాడతారు. ఖాళీ పైపుల్లో నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడటం మంచి పద్ధతి. నైట్రోజన్ సిలిండర్‌కు రెగ్యులేటర్ తప్పనిసరి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్‌ను దీనికి ఎప్పుడూ వాడకూడదు. లోపలి ఆయిల్‌తో ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో పరీక్షించడమూ ప్రమాదమే. ఒత్తిడిలో గాలి కలిస్తే ఆర్-134ఏ కూడా మండే స్థితికి రావచ్చు.

సరైన పద్ధతి ఇది

లీకు బాగు చేశాక చేయాల్సిన పని మూడు దశల్లో ఉంటుంది.

మొదటిది, మిగిలిన పాత గ్యాస్‌ను యంత్రంతో వేరే సిలిండర్‌లోకి లాగేసుకోవాలి. గాల్లోకి వదిలేయకూడదు. కారులో ఇంకా ఎంత గ్యాస్ మిగిలిందో తెలియదు కాబట్టి, ఉన్నదాని మీదే కొంచెం కలిపితే మొత్తం ఎంతైందో ఎవరూ చెప్పలేరు. పైపులు విప్పి చాలాకాలం తెరిచి ఉంచితే తేమ పీల్చుకునే రిసీవర్ డ్రయ్యర్‌ను కూడా మార్చాలి.

రెండోది వాక్యూమ్. పంపుతో లోపలి గాలిని కనీసం అరగంట పాటు లాగాలి. ఒత్తిడి బాగా తగ్గినప్పుడు లోపలున్న తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది. తేమ మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. గ్యాస్, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది. పంపు ఆపాక 15 నుంచి 30 నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. ముల్లు వెనక్కి వస్తోందంటే ఇంకా లీకు ఉన్నట్టు, లేదా తేమ మిగిలినట్టు. ఈ దశలో తొందరపడి గ్యాస్ ఎక్కిస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది తూకం. స్టిక్కర్‌పై రాసిన బరువును తక్కెడ మీద చూసుకుంటూ నింపాలి. మన మార్కెట్లో చిన్న డబ్బాలో తరచూ 450 గ్రాములు ఉంటుంది. 350 గ్రాములు పట్టే కారులో డబ్బా మొత్తం ఖాళీ చేస్తే 100 గ్రాములు ఎక్కువైనట్టే. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం వస్తుందనుకోవడం పొరపాటు. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి చేరితే అది విరిగిపోవచ్చు కూడా.

"గేజ్ చూసి పడతాం, తూకం ఎందుకు?" అని కొందరంటారు. కానీ ఒత్తిడి బరువును చెప్పదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లోపల కొద్దిగా ద్రవం ఉన్నా చాలు, ఒత్తిడి బయటి వేడిని బట్టే ఉంటుంది. ఆర్-134ఏ 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది, 40 డిగ్రీల దగ్గర సుమారు 133 పీఎస్ఐ. లోపల 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా అంతే. ఏసీ నడుస్తున్నప్పుడు మన వేసవిలో తక్కువ ఒత్తిడి వైపు సుమారు 25 నుంచి 45, ఎక్కువ ఒత్తిడి వైపు సుమారు 200 నుంచి 300 పీఎస్ఐ ఉండొచ్చు. ఇవి కారును బట్టి, ఎండను బట్టి మారతాయి. గేజ్ రోగం కనిపెట్టడానికి పనికొస్తుంది, కొలత మాత్రం తక్కెడే చెప్పాలి.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

ఆర్-134ఏ సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే ద్రవం చర్మం మీద పడిన క్షణంలో అక్కడి వేడినంతా లాగేసి కండను గడ్డకట్టిస్తుంది. కంటి అద్దాలు, చేతి తొడుగులు లేకుండా పైపు బిగించడం, విప్పడం చేయకూడదు. చర్మం మీద పడితే గోరువెచ్చని నీళ్లు పోయాలి. రుద్దకూడదు, వేడినీళ్లు పోయకూడదు. కంట్లో పడితే 15 నిమిషాల పాటు నీళ్లతో కడుగుతూ, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ గ్యాస్ గాలికంటే బరువైనది, నేలమీద పేరుకుంటుంది. మూసిన షెడ్డులో, సెల్లార్‌లో, గుంతలో పని చేసేటప్పుడు ఎక్కువగా లీకైతే ఊపిరాడదు. మోతాదు మించి పీలిస్తే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది. గాలాడే చోట పని చేయాలి. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బయటికి తీసుకురావాలి.

పక్కన బీడీ, సిగరెట్ కాల్చకూడదు, గ్యాస్ ఉన్న పైపుకు వెల్డింగ్ చేయకూడదు. ఆర్-134ఏ మామూలుగా మండకపోయినా మంట తగిలితే విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది.

గ్యాస్ త్వరగా ఎక్కాలని డబ్బాను స్టౌ మీద, మరిగే నీళ్లలో పెట్టకూడదు. ఎండలో నిలిపిన కారులో డబ్బా వదిలేయకూడదు. 60 డిగ్రీల వేడిలో లోపలి ఒత్తిడి దాదాపు 230 పీఎస్ఐకి చేరుతుంది.

కారులో గ్యాస్ పట్టే చోట్లు రెండు ఉంటాయి. మూతల మీద తక్కువ ఒత్తిడి వైపు ఎల్ అక్షరం, ఎక్కువ ఒత్తిడి వైపు హెచ్ అక్షరం ఉంటాయి. ఇంజిన్ నడుస్తుండగా డబ్బాను హెచ్ వైపు తగిలిస్తే కారులోని ఒత్తిడి డబ్బాలోకి వెనక్కి వచ్చి అది పేలిపోవచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎల్ వైపు నుంచే, డబ్బాను నిలువుగా పట్టుకుని, ఆవిరి రూపంలోనే ఎక్కించాలి. తలకిందులు చేస్తే ద్రవం వెళ్లి కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది.

అమెరికా వంటి చోట్ల ఎవరైనా కొనుక్కునేలా చిన్న డబ్బాలు అమ్ముతారు. వాటితో సొంతంగా ప్రయత్నించేవారు ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి. "లీకు ఆపే మందు" కలిపిన డబ్బాల జోలికి వెళ్లకపోవడమే మేలు. ఆ మందు లోపల గట్టిపడి వాల్వులను, సర్వీస్ సెంటర్ యంత్రాన్ని కూడా మూసేయగలదు.

నకిలీ గ్యాస్‌తో ముప్పు

మరీ చవకగా దొరికే గ్యాస్‌లో వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉండొచ్చు. వీటితోనూ చల్లగాలి వస్తుంది, కాబట్టి తేడా తెలియదు. కానీ కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ కుటుంబం కూర్చున్న చోటికే వస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

ఇంకా భయంకరమైనది ఆర్-40 అనే మిథైల్ క్లోరైడ్. 2011లో ఓడల్లో సరుకు మోసే శీతల కంటైనర్లకు ఆర్-134ఏ పేరుతో కల్తీ గ్యాస్ ఎక్కించారు. అందులోని ఆర్-40 కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితేనే మండిపోయే పదార్థంగా మారింది. వియత్నాం, బ్రెజిల్‌లలో ఆ కంటైనర్లు పేలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. కారు కంప్రెసర్‌లోనూ ఉండేది అల్యూమినియమే.

అందుకే సీల్ ఉన్న, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న డబ్బానే మీ ముందు తెరవమనాలి. నీడలో చాలాసేపు ఉంచిన డబ్బా ఒత్తిడి పైన చెప్పిన లెక్కకు చాలా దూరంగా ఉంటే అది అసలు సరుకు కాదని అనుమానించాలి. ఒత్తిడి సరిపోయినంత మాత్రాన అసలుదని నమ్మకం లేదు, అందుకే కొనే చోటు ముఖ్యం.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు

ఈ బండ్లలో చాలావాటికి కంప్రెసర్ బెల్టుతో కాదు, ఎక్కువ వోల్టేజీ కరెంటుతో తిరుగుతుంది. మామూలు కార్లలో వాడే పీఏజీ ఆయిల్ వీటిలో పడితే కరెంటు బయటికి పాకే ప్రమాదం ఉంది. వీటికి ఎక్కువగా పీఓఈ రకం ఆయిల్ వాడతారు. పాత యంత్రం పైపుల్లో మిగిలిన ఆయిల్ కొద్దిగా కలిసినా ముప్పే. కాబట్టి ఈ కార్లను వాటి గురించి శిక్షణ ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

గాల్లోకి వదిలితే నష్టం అందరికీ

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1430 రెట్లు బలమైనది. 400 గ్రాములు గాల్లోకి వదిలితే దాదాపు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత నష్టం. ఇలాంటి వాయువులను తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. 2032 నుంచి 2047 వరకు వీటి వాడకాన్ని మన దేశం నాలుగు దశల్లో తగ్గించాల్సి ఉంది.

గ్యారేజీలో అడగాల్సిన ప్రశ్నలు

లీకు ఎక్కడుందో చూపిస్తారా? పాత గ్యాస్ యంత్రంతో తీస్తారా? వాక్యూమ్ ఎంతసేపు పెడతారు? ఎన్ని గ్రాములు ఎక్కిస్తారు, తక్కెడ ఉందా? ఏ ఆయిల్, ఎంత కలుపుతారు? బిల్లు మీద గ్యాస్ పేరు, గ్రాములు, బాగు చేసిన చోటు రాసిస్తారా? పని తెలిసిన ఉస్తాద్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు. "అవన్నీ అక్కర్లేదు భాయ్, పది నిమిషాల పని" అంటే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.

పని అయ్యాక తలుపులు మూసి, లోపలి గాలే తిరిగేలా బటన్ పెట్టి పది నిమిషాలు ఏసీ నడిపి చూడాలి. మధ్య రంధ్రంలో థర్మామీటర్ పెడితే ఎంత చల్లగా వస్తోందో అంకెల్లో తెలుస్తుంది. ఆ అంకె, ఆనాటి తేదీ, ఎక్కించిన గ్రాములు బిల్లు వెనక రాసి పెట్టుకోవాలి. వచ్చే ఏడాది ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేస్తే ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి, వేసవి నాటికి ఇబ్బంది తగ్గుతుంది.